నేతవాని ఇల్లు – ఏటి నీరు – కొత్త చట్టములు

మన సంఘ సభ్యులలో సొంత ఇల్లు గలవారు ఈమధ్య కార్యాలయమునకు వచ్చి అడుగుచున్న ప్రశ్నలు ముఖ్యముగా మూడు. పెంకుటిల్లు విప్పి మిద్దె కట్టవచ్చునా? పెరటిలో అద్దకపు బానలు పెట్టుకొనవచ్చునా? వాననీటి గుంత లేకపోయిన ఇంటికి చిక్కు వచ్చునా? ఇవి చాలవన్నట్లు, "పర్యావరణ చట్టము వచ్చినది, ఏటి ఒడ్డు ఇండ్లకు ఇక విలువ లేదు, వచ్చిన ధరకు అమ్ముకొనండి" అని వీధివీధి చెప్పుకొని తిరుగు దళారులు కొందరు బయలుదేరినారు. ఆ మాటలకు భయపడి బయానా పుచ్చుకొనుటకు సిద్ధపడినవారు కూడ ఉన్నారు. కావున ఏ చట్టము మన ఇంటి గడప తొక్కును, ఏది తొక్కదు, తొక్కినచో మనము చేయవలసినదేమి అను సంగతులను సభ్యుల ముందు వరుసగా ఉంచుచున్నాము. దయచేసి ఇంటిలో చదువు వచ్చినవారు రానివారికి చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.

మన ఊరు, మన యేరు

కావేరిపట్టణము పేరులో కావేరి ఉన్నను మన ఊరి ప్రక్క పారునది కావేరి కాదు, దక్షిణ పినాకిని. అరవములో దీనినే తెన్‌పెన్నై అనియు, సర్కారు కాగితములలో పెన్నైయారు అనియు వ్రాయుదురు. నందికొండల వైపు పుట్టి, బెంగుళూరు చుట్టుప్రక్కల నీటిని కలుపుకొని, హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయమును, ఆపై కృష్ణగిరి జలాశయమును నింపి, అటుపిమ్మట మన ఊరికి వచ్చును. ఇక్కడినుండి ధర్మపురి, సాత్తనూరు, తిరువణ్ణామలై సీమలగుండా పోయి కడలూరు దగ్గర సముద్రములో కలియును.

అనగా మనము ఈ యేటికి నడుమనున్నవారము. పైనుండి వచ్చునది మనము త్రాగవలెను. మనము విడిచినది క్రిందివారు త్రాగవలెను. కెలవరపల్లి దగ్గర నీటిమీద తెల్లని నురుగు దూదికొండలవలె లేచి గాలికి రోడ్డుమీదికి కొట్టుకొనివచ్చుట మన జిల్లావారు చాలమంది కంటితో చూచినారు. అది పట్నపు మురుగు, సబ్బులు, ఫ్యాక్టరీల నీరు. "అంత పెద్ద పట్నము అంత మురుగు విడుచుచుండగా నా ఒక్క బాన నీటితో ఏరు చెడునా?" అని సభ్యులు అడుగుచున్నారు. అడుగుటలో న్యాయమున్నది. దానికి జవాబు ముందు చెప్పెదము.

నేతవాని ఇల్లు అందరి ఇండ్లవంటిది కాదనుట మొదట గ్రహింపవలెను. గుమాస్తాకు ఇల్లు వేరు, కచేరి వేరు. మనకు ముందరి గదిలో గుంత మగ్గము, నడవలో రాట్నము, వీధిలో పడుగు, పెరటిలో పొయ్యి, బాన. ఇల్లే కార్ఖానా, కార్ఖానాయే ఇల్లు. కావున ఇంటి చట్టము, పరిశ్రమ చట్టము రెండును ఒకే గడపలో మనలను పట్టుకొనును.

ముందు గది తెలుపు, పెరడు ఎరుపు

నీటి కాలుష్య నివారణ చట్టము 1974లో వచ్చినది. 1984 డిసెంబరులో భోపాలులో విషవాయువు వెలువడి వేలమంది మరణించిన పిదప, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినది. ఈ రెండును మన నిత్య జీవనమునకు సంబంధించినవి. 1974 చట్టము ప్రకారము వాగులోనే కాదు, బావిలోగాని, మురుగు కాలువలోగాని, నేలమీదగాని కాలుష్యపు నీటిని విడువరాదు. భూమి లోపలి నీరు కూడ ఆ చట్టములో చేరియున్నది. "ఏటిలో పోయుట లేదు, పాడుబావిలోనే పోయుచున్నాను" అనువారికి ఆ మాట రక్షణ కాదు. అది మరింత కీడు. ఏటిలో పోసినది కొంతయైనను కొట్టుకొనిపోవును. బావిలో పోసినది ప్రక్కింటివాని త్రాగునీటిలోనే ఊరును.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో పరిశ్రమలను అవి చేయు కీడునుబట్టి ఎరుపు, నారింజ, పచ్చ, తెలుపు అని నాలుగు రంగులుగా విభజించినది. మనకు సంతోషము కలిగించు సంగతి యేమనగా, అద్దకముగాని చలువగాని లేని చేనేత తెలుపు వర్గములో చేర్చబడినది. తెలుపు వర్గమునకు మండలి అనుమతి పత్రము అక్కరలేదు; తెలియజేసిన చాలును. దేశములో ఇంత నిరపాయమైన పరిశ్రమలు కొద్దిగానే ఉన్నవని సర్కారే ఒప్పుకొన్నట్లు. మగ్గమునకు పొగ లేదు, మురుగు లేదు, కరెంటు మోత లేదు. ఈ గౌరవమును మనవారు గుర్తుంచుకొనవలెను. మగ్గమున్న ఇంటికి పర్యావరణ చట్టమువలన విలువ తగ్గునను దళారి మాట కేవలము అబద్ధము.

అయితే నూలునకు రంగు వేయుట, చలువ చేయుట ఎరుపు వర్గములో నున్నవి. కావున అదే ఇంటిలో ముందు గది తెలుపు, పెరటి బాన ఎరుపు. చాలమంది చిక్కు పడునది ఇక్కడనే.

దీనికి తోడు మన రాష్ట్రములో రెండు ప్రత్యేకమైన ఉత్తరువులు గలవు. 1989 మార్చి 30వ తేదీన వెలువడిన 213వ నెంబరు ఉత్తరువు ప్రకారము నదులు, వాగులు, జలాశయములు మున్నగువాని గట్టునుండి ఒక కిలోమీటరు లోపల మిక్కిలి కాలుష్యము కలిగించు పరిశ్రమలను కొత్తగా పెట్టరాదు. 1998 మేలో వెలువడిన 127వ నెంబరు ఉత్తరువు ఈ దూరమును కావేరి, దాని ఉపనదులు, పెన్నైయారు, పాలారు, వైగై, తామ్రపర్ణి నదుల విషయములో అయిదు కిలోమీటర్లకు పెంచినది. నూలు అద్దకపు కర్మాగారములు ఈ పరిశ్రమల పట్టికలోనివే. మన ఊరు పెన్నైయారు ఒడ్డుననే ఉన్నది గదా! ఊరి నడుమ నిలిచి ఏ దిక్కుకు నడచినను అయిదు కిలోమీటర్లు దాటుటకు ఎంత దూరము పోవలెనో సభ్యులే లెక్క వేసికొనవచ్చును.

కావున రెండవ ప్రశ్నకు మా జవాబు తేటతెల్లము. పెరటిలో కొత్తగా అద్దకపు షెడ్డు వేయుటకు ఎవ్వరును పెట్టుబడి పెట్టవద్దు. దానికై ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుట అంతకన్న తగదు.

తిరుప్పూరు నేర్పిన పాఠము

ఈ సంగతి కాగితముమీది బెదిరింపు కాదని తెలియుటకు తిరుప్పూరు చాలును. అక్కడ నొయ్యలు అను నది కలదు. బనియను గుడ్డకు రంగువేయు కార్ఖానాలు వందలకొలది వెలసి, వాని నీరు నొయ్యలులో కలిసి, క్రిందనున్న ఒరత్తుపాళయము ఆనకట్ట రంగునీటి చెరువైనది. సేద్యమునకని కట్టిన ఆనకట్టను విప్పిన పొలము చెడును, విప్పకున్న బావులు చెడును అను స్థితి వచ్చినది. రైతులు సంఘముగా చేరి మదరాసు హైకోర్టుకు పోయినారు. 2006 డిసెంబరులో హైకోర్టు కార్ఖానాలవారు చుక్క మురుగు బయటికి విడువరాదనియు, చెడిన దానికి పరిహారము కట్టవలెననియు తీర్పు చెప్పినది. 2009లో సుప్రీంకోర్టు ఆ బాధ్యతను స్థిరపరచినది. అప్పటికిని పూర్తిగా అమలు కానందున 2011 జనవరిలో హైకోర్టు అద్దకపు కార్ఖానాలన్నిటిని మూయింపుమని ఆజ్ఞాపించినది. ఏడు వందలకు పైగా కార్ఖానాలు ఒక్కసారిగా మూతపడినవి. రంగు లేక కుట్టుపని నిలిచినది. కుట్టుపని నిలువగా కూలివారు పెట్టె బేడా సర్దుకొని ఊళ్లకు పోయినారు.

ఇందులో మనము చూడవలసినది ఒకటున్నది. నష్టపోయినవారు కార్ఖానాదారులు మాత్రమే కారు. రంగు నీటిని విడిచినవాడొకడు, కూలి పోగొట్టుకొన్నవాడు వేరొకడు, పొలము పోగొట్టుకొన్నవాడు మూడవవాడు. మరియు పదేండ్లు చూచి చూడనట్లుండిన చట్టము ఒక్కనాడు మీద పడినప్పుడు, మెల్లగా సర్దుకొనుటకు ఎవ్వరికిని వ్యవధి దొరకలేదు.

అంతకు ముందే 1996 ఆగస్టు 28వ తేదీన వేలూరు పౌరసంఘము వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు న్యాయమూర్తి కులదీప్ సింగ్ గారు ఇచ్చిన తీర్పు ఈ విషయములన్నిటికి మూలము. పాలారు ఒడ్డున తోళ్ల శుద్ధి కార్ఖానాలవలన నేల, నీరు చెడిన వ్యాజ్యమది. చెరిచినవాడే బాగుచేయు ఖర్చు భరింపవలెను. కీడు రుజువగువరకు ఆగక ముందే జాగ్రత్తపడవలెను. అను రెండు సూత్రములు ఈ దేశపు న్యాయములో భాగములని ఆ తీర్పు చెప్పినది. పైన చెప్పిన 213వ నెంబరు ఉత్తరువును గట్టిగా అమలు జరుపవలెననియు అందులోనే ఆజ్ఞ కలదు.

"నా ఒక్క బాన" అనువారికి జవాబు ఇదియే. పైనుండి పట్నపు మురుగు వచ్చుట నిజము. అది అన్యాయమగుట నిజము. కాని దానిని అడుగబోవువాని చేయి శుభ్రముగా నుండవలెను. మన కాలువ రంగురంగులుగా పారుచుండగా మనము నురుగును గూర్చి అర్జీ వ్రాసిన, ఆ అర్జీని చదువువాడు ముందు మన పెరడే చూచును.

పెరడు బాడుగకిచ్చువారికి

ఇంటి యజమానులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి మరియొకటి. కొందరు తాము అద్దకము చేయక, పెరటినో ఏటి ఒడ్డు తోటనో బయటివారికి బాడుగకు ఇచ్చుచున్నారు. నెలకు వచ్చు బాడుగ చూచి మురిసిపోవుచున్నారు. 1974 నాటి నీటి చట్టమునకు 1988లో చేసిన సవరణ ప్రకారము, కాలుష్య నియంత్రణ మండలి ఒక పనిని మూయింపుమనుటయే గాక, ఆ చోటికి కరెంటును, నీటిని నిలుపుదల చేయుమని కూడ ఆజ్ఞాపింపవచ్చును. బాడుగదారుడు బానలు ఎత్తుకొని రాత్రికి రాత్రి పోగలడు. కరెంటు కార్డు, పన్ను రశీదు, పట్టా అన్నియు యజమాని పేరనున్నవి. పెరటికిని ముందు గదికిని ఒకే మీటరు ఉన్నయెడల ఆరిపోవునది మగ్గము మీది దీపమే.

2010 నాటి చట్టముతో జాతీయ హరిత న్యాయస్థానము ఏర్పడినది. దాని దక్షిణ శాఖ చెన్నపట్నములో నున్నది. నీరు చెడి నష్టపోయిన సామాన్యుడు కూడ దాని యెదుట పరిహారము కోరవచ్చును. ఇది మనకు రెండు వైపుల పదునుగల కత్తి. ప్రక్క పొలము రైతు మనమీద పోవచ్చును. మనము పైవారిమీద పోవచ్చును. బాడుగకు ఇచ్చునప్పుడు ఏ పనికి ఇచ్చుచున్నారో కాగితముమీద వ్రాయించుకొనుడు, అద్దకమునకు ఇవ్వకుడు.

మరి రంగు ఎట్లు?

రంగు లేక చీర లేదు. తెల్ల నూలుతో బ్రతుకు జరుగదు. కావున వద్దని చెప్పి ఊరకుండుట సంఘ ధర్మము కాదు. దీనికి మూడు దారులు కనబడుచున్నవి.

మొదటిది, మురుగును శుద్ధిచేయు ఏర్పాటును మండలి అనుమతియును గల చోట అద్దిన నూలును సంఘము మొత్తముగా కొని సభ్యులకు ఇచ్చుట. చిలపకు కొంత ధర ఎక్కువ పడును. కాని సొంత అద్దకములో కట్టెలు, ఉప్పు, కాస్టిక్ సోడా, ఆడవారి శ్రమ, చెడిన రంగువలన తీసివేసిన నూలు, ఇవన్నియు లెక్కలో వేయువారు తక్కువ. వేసి చూచిన తేడా అనుకొన్నంత ఉండదు.

రెండవది, రెండు మూడు సంఘములు కలిసి ఏటికి అయిదు కిలోమీటర్ల ఆవల అద్దకశాల పెట్టుట. ఇది ఒంటరివాని పని కాదు. సహకార పద్ధతి ఇట్టి పనులకే పుట్టినది.

మూడవది, చిన్నమొత్తముగా మొక్కల రంగులు. ఇందులో ఒక హెచ్చరిక. మొక్కరంగు అన్నంతనే నీరు శుభ్రమని తలపరాదు. రంగు పట్టించుటకు వేయు పటిక, అన్నభేది వంటివి నీటిలో మిగులును. క్రోమియము ఉప్పులు వాడుట బొత్తిగా తగదు.

రంగు కొనునప్పుడు ఇంకొకటి. జర్మనీ దేశము 1994లో కొన్ని అజో రంగులను నిషేధించినది. అవి ఒంటికి తగిలినప్పుడు క్యాన్సరు పుట్టించు పదార్థములుగా విడిపోవునని తేలినందున. మన దేశములో 1997 మార్చిలో కేంద్ర ప్రభుత్వము పర్యావరణ చట్టము క్రింద అట్టి 112 రంగులను నిషేధించినది. అంగడిలో పొట్లము కట్టి, పేరు లేక, తక్కువ ధరకు అమ్ము రంగును కొనకుడు. ఆ రంగులో మొదట చేతులు ముంచునది మన ఇంటి ఆడవారే.

ఇల్లు కట్టువారికి

ఇక మొదటి ప్రశ్న. "హరిత భవనము" అను మాట వినగానే గాజు అద్దముల మేడలు, లక్షల ఖర్చు తలపునకు వచ్చి సభ్యులు జంకుచున్నారు. ఏ నిబంధన ఎవరికో విడదీసి చూచిన జంకు పోవును.

2006 సెప్టెంబరు 14వ తేదీ నాటి కేంద్ర ప్రకటన ప్రకారము కట్టడమునకు ముందుగా పర్యావరణ అనుమతి పొందవలసినది 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన కట్టడములకు. మన వీధిలోని ఇండ్లన్నియు కూడినను ఆ కొలత వచ్చునో రాదో! 2007లో వచ్చిన విద్యుత్ పొదుపు నిర్మాణ నియమావళి 100 కిలోవాట్ల కరెంటు వాడు పెద్ద వ్యాపార భవనములకు ఉద్దేశింపబడినది. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు భారతీయ హరిత భవన మండలి 2001లో ఏర్పడి, భవనములకు యోగ్యతాపత్రములు ఇచ్చుచున్నది; ఆ నగరములోని సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రమును 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ గారు ప్రారంభించినారు. ఆ పత్రము కోరుకొన్నవారు తీసికొనునదే గాని నిర్బంధము కాదు. కావున ఈ మూడును మన ఇంటి గడప తొక్కవు.

తొక్కునవి ఏవి? తమిళనాడు సమగ్ర అభివృద్ధి, కట్టడముల నియమములు 2019 ఫిబ్రవరిలో వెలువడినవి. ఇంటి చుట్టు విడువవలసిన జాగా, ఎత్తు, వాననీటి ఏర్పాటు మున్నగువన్నియు ఇందులో ఉన్నవి. పాత పెంకుటిల్లు విప్పి మిద్దె కట్టుటకు అడ్డు లేదు. అనుమతి మాత్రము పొందవలెను. 2024 జులైనుండి 2,500 చదరపు అడుగులవరకు గల స్థలములో 3,500 చదరపు అడుగులు మించక, నేల అంతస్తుగాని దానిపై ఒక అంతస్తుగాని కట్టు ఇంటికి, యజమాని తానే ధ్రువపరచి ఆన్‌లైనులో అనుమతి పొందు పద్ధతి వచ్చినది. కచేరి చుట్టు తిరుగు పని తగ్గినది. అయితే ధ్రువపరచిన సంతకము యజమానిదే. కొలత తప్పినను, స్థలము తనది కాకున్నను, బాధ్యత తలకు చుట్టుకొనునది అతనికే. సంతకమునకు ముందు పట్టా, కొలతల పటము సరిచూచుకొనుడు.

స్థలము విషయములో ముఖ్యముగా చూడవలసినది నీటి దారి. చెరువుల రక్షణకు, ఆక్రమణల తొలగింపునకు తమిళనాడులో 2007లో ప్రత్యేక చట్టము వచ్చినది. కాలువ పొరంబోకు, చెరువు పొరంబోకు చౌకగా వచ్చుచున్నదని కొనకుడు. 2024 డిసెంబరు మొదటి దినములలో ఫెంజల్ తుఫానువలన మన జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క దినములో సుమారు 50 సెంటీమీటర్ల వాన పడినది. నీరు తన పాత దారిని వెదకికొనుటకు పట్టా చూడదని ఆ వాన చూపినది. మన పొరుగు రాష్ట్రమైన ఆంధ్రదేశములో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమును అక్కడివారు వాల్టా అందురు. అందులో కూడ బావులు, వాననీరు, చెట్లు ఒకే కట్టలో చేర్చబడినవి. అన్నిచోట్ల చట్టము పోవుచున్న దిక్కు ఒకటే.

వాననీటి గుంత: మగ్గపు గుంత

మూడవ ప్రశ్న. తమిళనాడులో 2003 నుండి ప్రతి కట్టడమునకు, పాతదైనను కొత్తదైనను, వాననీటిని నిలుపు ఏర్పాటు ఉండితీరవలెను. దీనిని పన్ను బాధవలె తలంచువారు చాలమంది. లెక్క చూడుడు. 600 చదరపు అడుగుల కప్పు అనగా సుమారు 56 చదరపు మీటర్లు. ఏటికి 800 మిల్లీమీటర్ల వాన పడినదనుకొందము. ఆ కప్పుమీద పడు నీరు సుమారు 45,000 లీటర్లు. అయిదవవంతు తరుగు పోయినను 36,000 లీటర్లు మిగులును. వాననీటిలో ఉప్పులు లేవు. గంజి కాచుటకు, నూలు తడుపుటకు మన బోరునీటికన్న ఎంతో మేలు. ఉప్పునీటిలో తడిపిన నూలు ఎట్లు బిరుసెక్కునో మనకు వేరే చెప్పనక్కరలేదు.

నేతవాని ఇంటికి మాత్రము కొన్ని జాగ్రత్తలు వేరుగా ఉన్నవి. నీరింకు గుంతను మగ్గము గుంతకు ఆనుకొని త్రవ్వరాదు. తేమ ఎక్కి గోడ ఉబ్బును, కాళ్లకు జలుబు, పన్నెకు తుప్పు పట్టును. మగ్గమున్న గదికి ఎదుటి వైపున, పునాదికి వీలైనంత దూరముగా త్రవ్వింపుడు. మొదటి వాన దుమ్మును కడుగును గాన ఆ నీటిని వేరుగా పోనిండు. గులక, ఇసుక, బొగ్గు వేసిన తొట్టిగుండా పంపిన పిమ్మటనే నిలువ చేయుడు. ఏ పరిస్థితిలోను గంజినీరుగాని, సబ్బునీరుగాని, రంగునీరుగాని ఆ గుంతకు పోరాదు. పోయినయెడల మన బావికి మనమే విషము పోసికొన్నవారమగుదుము.

పాత ఇంటి గుణము

మిద్దె కట్టవలెనని ఉబలాటపడువారికి ఒక్క మాట. మంగుళూరు పెంకు 1865లో బాసెలు మిషనువారు అక్కడ ఫ్యాక్టరీ పెట్టినప్పటినుండి దక్షిణ దేశమంతట పాకినది. మట్టిగోడ, పెంకు కప్పు, చూరు క్రింద గాలి దారి, గుంతలోని తేమ, ఇవి నేతకు ఊరక ఏర్పడినవి కావు. ఎండిన గాలిలో నూలుపోగు పెళుసెక్కి పుటుక్కున తెగును. గుంత మగ్గములో పోగు నేలకు దగ్గరగా నుండి చల్లదనము పొందును. చైత్ర వైశాఖములలో కాంక్రీటు మిద్దె క్రింద నేసి చూచినవారు పోగుతెగులు ఎంత పెరిగినదో చెప్పగలరు. పెద్ద పట్నములలో డబ్బిచ్చి హరిత భవనమని కట్టించుకొనునది చాలమట్టుకు ఇదే: పగటి వెలుగు, అడ్డులేని గాలి, దగ్గర దొరకు సామగ్రి. మన పెద్దలు పత్రము లేక కట్టినారు.

కావున మిద్దె కట్టువారు మగ్గపు గదినైనను పెంకుతో ఉంచుకొనుడు. అది వీలుకాకున్న కప్పుపై తెల్లసున్నము కొట్టింపుడు; ఉత్తరపు వైపు పెద్ద కిటికీ పెట్టుడు; ఎదురెదురుగా గాలి గూళ్లు విడువుడు. రేకుల షెడ్డు చౌక యని మగ్గమునకు వేయకుడు. మధ్యాహ్నము దాని క్రింద మనిషియు నిలువడు, పోగును నిలువదు.

సౌరవిద్యుత్తును గూర్చి కూడ అడుగుచున్నారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర పథకము ప్రకారము రెండు కిలోవాట్లవరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు మొత్తము 78,000 రూపాయలు సహాయముగా నిర్ణయింపబడినది. కాని మన రాష్ట్రములో 2023 నుండి చేనేతవారికి రెండు నెలలకు 300 యూనిట్లు ఉచితము. ఇంటి వాడుక అందులోనే సరిపోవువారికి సౌరపలకలవలన మిగులునది స్వల్పము. అప్పుచేసి పెట్టించుకొనుట మంచిది కాదు. వాడుక ఎక్కువగానున్న ఉమ్మడి కుటుంబములు లెక్క వేసికొని నిర్ణయింపవచ్చును.

సభ్యులకు మనవి

చెప్పినదంతయు క్రోడీకరించిన ఇది. మగ్గమునకు ఏ చట్టమువలనను భయము లేదు. ఇల్లు కట్టుకొనుటకు అడ్డు లేదు. వాననీటి గుంత శిక్ష కాదు, సొమ్ము. పెరటి అద్దకము ఒక్కటే మన ఇంటిని, ఏటిని, కూలిని ఒక్కసారిగా ముంచగలది. దళారి మాట విని ఏటి ఒడ్డు ఇల్లు అమ్ముకొనవలసిన అగత్యము ఎవ్వరికిని లేదు. అమ్మినవారి స్థలములో రేపు ఏ గిడ్డంగి లేచునో, ఏ మురుగు విడుచునో ఆలోచింపుడు. అప్పుడు వీధిలో పడుగు పరచుటకు చోటుండదు.

రానున్న సర్వసభ్య సమావేశములో మూడు తీర్మానములు ప్రవేశపెట్ట తలంచుచున్నాము. అద్దిన నూలును సంఘమే మొత్తముగా కొనుట. ప్రక్క సంఘములతో కలిసి ఉమ్మడి అద్దకశాలకు స్థలము చూచుట. పైనుండి వచ్చు మురుగును గూర్చి జిల్లా అధికారులకును, అవసరమైన హరిత న్యాయస్థానమునకును రైతులతో కలిసి అర్జీ పెట్టుకొనుట. ఈ మూడవది జరుగవలెనన్న మొదటి రెండును మనము ముందు చేసి చూపవలెను.

ఇల్లు కట్ట తలపెట్టిన సభ్యులు పట్టా, పన్ను రశీదు, కరెంటు కార్డు, కొలతల చిత్తు పటము తీసికొని ఏ పనిదినమున వచ్చినను కార్యాలయములో చూచి చెప్పగలము. ఎవరికిని బయానా ఇచ్చుటకుగాని పుచ్చుకొనుటకుగాని ముందు ఒక్కసారి వచ్చిపోవలెనని మా ప్రార్థన. నేసిన బట్టలో ఒక్క పోగు తెగినప్పుడే ముడి వేసికొనిన చీర నిలుచును. పది పోగులు తెగువరకు చూచువాడు మంచి నేతగాడనిపించుకొనడు.